నవలకొక నెలనోము

కార్తికమాసము ప్రవేశించినంతనే టెక్కలి చెంతనున్న రావివలసకు జనము కదలును. అక్కడి ఎండల మల్లికార్జునస్వామికి పైకప్పు లేదు. ఎండయు వానయు నేరుగా లింగముపై పడుచుండును. స్వామి కప్పును ఒల్లడని ఆ ప్రాంతపు నమ్మకము. కార్తికమున ఇంటింట దీపము వెలుగును. దాని వెనుక ధనుర్మాసము వచ్చును. ముప్పది పాశురములు దినమున కొకటి చొప్పున ఆలయములలో చదువబడును. నెల దినములు ఒక నియమమునకు కట్టువడుట తెలుగువారికి క్రొత్త కాదు. నోము పట్టుట, ఒక్క దినమైనను తప్పకుండుట, తుదకు ఉద్యాపన చేయుట అను క్రమము తెలుగిండ్ల స్త్రీలకు తరతరములుగా తెలిసినదే.

కార్తికమునకు ఇంచుమించుగా సరిపడు నవంబరు మాసమున ఇటీవలి కాలములో మరియొక నోము ప్రపంచమున వ్యాపించినది. అది నవల వ్రాయు నోము. 1999లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున క్రిస్ బేటీ అను యువకుడును అతని మిత్రులును కలిసి 21 మంది, ఒక నెలలో తలకొక నవల వ్రాయవలెనని పందెము వేసికొనిరి. మొదటి ఏడు జూలైలో జరిగిన ఈ ప్రయత్నము మరుసటి ఏటినుండి నవంబరునకు మారినది. నియమ మొక్కటే: 30 దినములలో 50,000 మాటలు, అనగా దినమునకు 1,667. దీనికై వెలసిన సంస్థ లక్షలమందిని ఆకర్షించి, పిమ్మట వివాదములలోను ఆర్థికక్లేశములలోను చిక్కి, 2025లో మూతపడినది. సంస్థ పోయినను పద్ధతి పోలేదు. కాగితము, కలము, పంచాంగము ఉన్నవారెవరైనను దానిని పాటింపవచ్చును.

పలాసలోను, టెక్కలిలోను, ఉద్దానపు గ్రామములలోను చదువుకొనుచున్న యువతీయువకులలో కథ వ్రాయవలెనను కోరిక కలవారు తక్కువ లేరు. వారిలో పలువురి మనస్సు అద్భుతగాథలవైపు పోవుచున్నది. చలనచిత్రములును, అనువాదనవలలును వారికి మాంత్రికులను, రెక్కల సర్పములను, మంచుకోటలను పరిచయము చేసినవి. అట్టివారు ఒక నెల నియమముపట్టి అద్భుతనవల వ్రాయబూనినచో రెండు ప్రశ్నలు ఎదురగును. ఒక నెలలో నవల యగునా? అగునే యనుకొన్నను, ఉద్దానమువంటి కష్టభూమిలో పుట్టినవాడు మాయల కథ వ్రాయుట తగునా?

మొదటి ప్రశ్నకు తెలుగు సాహిత్యమే ఎన్నడో ఉదాహరణ చూపినది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ ప్రకటించినది. విశ్వనాథ సత్యనారాయణ ఆశువుగా చెప్పుచుండగా తమ్ముడు వేంకటేశ్వర్లు వ్రాయగా, 'వేయిపడగలు' 29 దినములలో పూర్తియైనదని ప్రసిద్ధి. అడివి బాపిరాజు 'నారాయణరావు'తో కలిసి అది బహుమానము పంచుకొన్నది. శాన్‌ఫ్రాన్సిస్కో మిత్రులు పందెము వేసికొనుటకు 65 సంవత్సరములకు ముందే ఇక్కడ గడువున్నది, పోటీ యున్నది, నెలకు ఒక దినము తక్కువగా మహానవల యున్నది.

ఐనను ఈ ఉదాహరణమును పట్టుకొని నెల చాలునని తొందరపడుట ప్రమాదము. నాటికి విశ్వనాథకు 39 ఏండ్లు. పల్లె బ్రదుకు, పురాణము, ఛందస్సు, జమీందారీల పతనము, దేవాలయముల క్షీణత అతని మనస్సులో ఏండ్లతరబడి పేరుకొనియున్నవి. 29 దినములు ఆ ధాన్యమును కొలిచిపోసిన దినములే కాని పండించినవి కావు. ఇంగ్లండులో టోల్కీన్ తన సుదీర్ఘమైన అద్భుతగాథ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' ను 1937 చివర మొదలిడి 1949లో గాని ముగింపలేకపోయెను. అమెరికాలో ఎరిన్ మోర్గెన్‌స్టర్న్ రచించిన 'ది నైట్ సర్కస్' అను మాయానవల నవంబరు నియమముననే పుట్టినది. కాని ఒక్క నవంబరుతో తీరలేదు. పలు నవంబరులు, ఆపై దిద్దుబాట్లు గడచి 2011లో వెలుగుచూచినది. కాబట్టి నెల యనునది నవలయొక్క వయస్సు కాదు. భయమును విడిచి తొలిప్రతి వ్రాసివేయుటకు పెట్టుకొన్న గడువు మాత్రమే.

రెండవ ప్రశ్న ఇంతకంటె బరువైనది. అద్భుతము తెలుగునకు అరువు సరకు కాదు. 16వ శతాబ్దమున పింగళి సూరన 'కళాపూర్ణోదయము'న బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథయే భూలోకమున జరిగినట్లు కల్పించెను. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథల'లో మణిసిద్ధుని, గొల్లవాడైన గోపుని కాశీకి నడిపించుచు, మజిలీ మజిలీకి ఒక వింతకథ చెప్పించెను. 1947 జూలైలో పుట్టిన 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క', 'మకరదేవత', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' మొదలగు ధారావాహికలను వ్రాసెను. అక్కడను గడువు నెలయే. కాని ఆ నెలలో నవల మొత్తము కాదు, ఒక భాగము మాత్రము రావలెను. పాఠకబాలురు తపాలాకై ఎదురుచూచుచుండ, రచయిత నెలనెలకు కథను ఒక క్లిష్టఘట్టమున నిలిపి, మరునెలకు విడిపించెడివాడు.

ఇంత సంపద యున్నను పెద్దల దృష్టిలో అద్భుతకథ పిల్లలకు వదలివేసిన వస్తువుగా నిలిచినది. శ్రీకాకుళ మండలమున ఈ చులకన మరింత సహజము. ఈ మండలపు సాహిత్యకీర్తి యథార్థకథవలన వచ్చినది. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' వ్రాసిన నేల ఇది. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున ఆయన నెలకొల్పిన 'కథానిలయము' తెలుగుకథల కన్నిటికి ఇల్లు. భూమి, అప్పు, కూలి, కులము, తిరుగుబాటు అనువాని గూర్చి సూటిగా మాటాడిన సంప్రదాయమునకు వారసులైన వారు మాయాదర్పణముల గూర్చి వ్రాయబూనినచో, ఇది పారిపోవుట కాదా యని పెద్దలు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి వాదముతో గాక రచనతోనే సమాధానము చెప్పవలెను. ఆ సమాధానపు బలము నెల మొదలిడుటకు ముందు చేసికొనిన సన్నాహమునందే యుండును.

సన్నాహమున మొదటిది నేల. అద్భుతనవలకు పటము కావలెనని అందరు చెప్పుదురు. యువరచయితలు పెక్కురు ఎన్నడు చూడని మంచుపర్వతములను, ఎరుగని దుర్గములను గీసికొందురు. ఉద్దానమున పుట్టినవానికి ఆ అగత్యము లేదు. పడమట మహేంద్రగిరి నిలిచియున్నది. చిరంజీవియైన పరశురాముడు నేటికిని దానిపై తపస్సు చేయుచున్నాడని నమ్మిక. ఆ కొండపై భీమునిపేర, కుంతిపేర గుడులు కలవు. అక్కడ పుట్టిన మహేంద్రతనయ బారువవద్ద సముద్రమున కలియును. తూర్పున ఇసుకదిబ్బలు, సరుగుడు, జీడితోటలు; నడుమ బీలలు, కొబ్బరితోపులు. దక్షిణమున నౌపడా ఉప్పుమళ్లు. ఆవల తేలినీలాపురము చెట్లపై ఏటేట వచ్చి గూళ్లు కట్టుకొను గూడబాతులు, కొంగలు. వాని రాకను గ్రామస్థులు శుభముగా నెంచుదురు. దీక్షితుల మజిలీలవలె, నౌపడా, పూండి, పలాస, మందస రోడ్డు, బారువ, సోంపేట అను రైలుస్టేషనులు వరుసగా ఉన్నవి. ఒక్కొక్క స్టేషనున ఒక్కొక్క అధ్యాయము ఆగగల నవలకు ఇంతకంటె సిద్ధమైన పటము దొరకదు.

రెండవది మాయయొక్క నియమము. మాయ ఏమైనను చేయగలదన్నచో కథలో ఏమియు పణముగా నుండదు. కథానాయకుడు చిక్కినపుడెల్ల రచయిత ఒక మంత్రము పంపి విడిపించును. మంచి రచయితలు మాయకు హద్దును, వెలను కట్టిరి. ఉర్సులా లె గ్విన్ 1968లో వెలువరించిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' యందు వస్తువుయొక్క నిజనామము ఎరుగనివానికి దానిపై అధికారము లేదు. 'వేయిపడగల'లో ఒక్కొక్క వ్యవస్థ కూలుకొలది స్వామి పడగలు తరుగుచు వచ్చి, చివరకు రెండు మిగులును. పాఠకుడు ఆ పడగలను లెక్కపెట్టుకొనుచు చదువును. మాయకు లెక్క యున్నందుననే అతనికి గుండె దడ.

ఇట్టి నియమములను వెదకుటకు దూరము పోనక్కరలేదు. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కను కాల్చియో ఆవిరిపట్టియో పెంకు కొట్టుదురు; పప్పును ఎండబెట్టి, పొట్టు తీసి, పరిమాణమునుబట్టి వేరుచేయుదురు. ఈ పనులలో హెచ్చుభాగము స్త్రీలది. పెంకులోని జీడిరసము చర్మమును కాల్చును. ఒక కల్పితరాజ్యమున పెంకు కొట్టి కొట్టి చేతిగీతలు చెరిగిన స్త్రీ యుండె ననుకొందము. ఆ రాజ్యమున రాజు ప్రజల చేతులు చూచి వారి భవిష్యత్తును ముందే వ్రాయించి పెట్టుకొనును. ఆమె చేయి మాత్రము చదువుటకు వీలుపడదు. రాజు భయపడవలసిన మనిషి ఆమె యొక్కతెయే. కాని గీతలు పోవుటకు ఆమె ఓర్చిన మంట ఎంతయో పుట పుటను పాఠకునకు తెలియవలెను. ఇట్లు కల్పించినపుడు పెంకు కొట్టు పని మరుగున పడదు సరికదా, పప్పు తినువాడు ఎన్నడు తలపని చేయి కథకు నడిమధ్యకు వచ్చును. పెద్దల సందేహమునకు ఇది ఒక సమాధానము.

మూడవది హెచ్చరిక. ఉద్దానమను పేరు ఉద్యానమునుండి వచ్చినదందురు. తోటవంటి ఆ ప్రాంతమున రెండు దశాబ్దములకు పైగా మూత్రపిండముల వ్యాధి కుటుంబములను తినివేయుచున్నది. నీరు, నేల, ఎండలో శ్రమ, పురుగుమందులు మొదలగువానిని శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. ఇదియే కారణమని ఒక్కదానిని తేల్చిచెప్పలేకపోయిరి. శ్రీలంక ఉత్తర మధ్యభాగమున, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్, నికరాగువాలలో ఇట్టి వ్యాధియే వ్యవసాయకూలీలను పట్టి పీడించుచున్నది. 2023 డిసెంబరున పలాసలో పరిశోధనా కేంద్రముతో కూడిన 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనది. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని ఉద్దానమునకు తెచ్చు పథకమును అప్పుడే ప్రారంభింపబడినది.

శాపగ్రస్తమైన ఉద్యానము, విషమైన బావి, ఒక దుష్టమాంత్రికుడు: యువరచయిత చేతికి అందివచ్చు తేలిక కథ ఇది. అతడు దానిని విడువవలెను. కారణము తెలియని రోగమునకు కథలో శాపమును కారణముగా చెప్పుట, ఆ రోగముతో బ్రదుకువారిని మరియొకమారు బాధించుటయే. శాపమన్నచో ఎవరో తప్పుచేసినట్లు. అది ఎవరి తప్పని ఊరు వెదకును. ఇంటిలో రోగి యున్నదని తెలిసి పెండ్లిసంబంధము వెనుకకు పోగల చోట ఈ మాట ఆటకాదు. అంతేకాదు, మాంత్రికుడు చచ్చి బావి బాగుపడినదని ముగించిన నవల, వారమునకు రెండుమూడుమార్లు డయాలసిస్‌కు పోవు తండ్రిని బండిపై తీసికొనిపోవు కుమారునికి ఏమి చెప్పగలదు? అతని బావిని ఏ కత్తియు బాగుచేయలేదు.

అట్లని అద్భుతనవల ఈ దుఃఖమును తాకరాదని కాదు. రోగమునకు కారణము చెప్పుట నవల పని కాదు, వైద్యుని పని. కారణము తెలియకుండగనే దినము గడుపువారి ధైర్యమును చూపుట నవల పని. అందుకు మాయ మిక్కిలి ఉపకరించును. 2018 అక్టోబరు 11 వేకువను తిత్లీ తుఫాను పలాస చేరువనే తీరము దాటినది. కొబ్బరి, జీడి, పనస చెట్లు లెక్కకు మిక్కిలిగా నేలకూలినవి. నాటిన కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. ఆ ఆరేడేండ్లను లెక్కలు ఒక అంకెగా చెప్పును. యథార్థకథ ఒక ఇంటి అప్పుగా చెప్పును. అద్భుతకథ ఆ కూలిన తోటలోనే ఒక రాత్రి కాలమును నిలిపి, పడిన చెట్టుచేత నాటినవాని పేరు పలికించగలదు. నిలిపిన కాలమునకు వెల యేమో అది చెప్పితీరవలెను. అప్పుడది పారిపోవుట కాదు, మరియొక దారిన ఇంటికి వచ్చుట.

పటము, నియమము, హద్దు కుదిరిన పిమ్మట సన్నాహమున మిగిలినవి రెండు. కథానాయకునకు ఒక చిన్న కోరిక యుండవలెను. లోకమును రక్షింపవలెనను పెద్దకోరిక కాదు. తప్పిపోయిన తమ్ముని తెచ్చుకొనుట, అమ్మివేసిన తోటను మరల చూచుట వంటిది చాలును. కథ ఎక్కడ ముగియునో రచయితకు ముందే తెలిసియుండవలెను. దారి తెలియకున్నను ఊరి పేరు తెలిసినవాడు చేరగలడు. ఇవన్నియు అక్టోబరులోనే ఒక నోటుపుస్తకమున ఎక్కవలెను. సన్నాహమునకు హద్దు లేకపోయినచో అదియు ప్రమాదమే. రాజవంశముల పట్టికలు, కల్పితలిపులు వ్రాసుకొనుచు నవలను ఎన్నడు మొదలిడనివారు కలరు.

ఇక వ్రాత. 50,000 మాటల లెక్క ఆంగ్లమునకు కట్టినది. ఆంగ్లమున నాలుగైదు మాటలు పట్టు భావము తెలుగున 'వెళ్లలేకపోయినవాడు' అను ఒక్క మాటలో ఇముడును. కనుక తెలుగువారు దినమునకు 1,000 మాటలు, అనగా చేతివ్రాతలో ఐదారు పుటలు పెట్టుకొన్నను నియమము సడలినట్లు కాదు. మొదటి వారము ఉత్సాహమున సాగును. రెండవ వారము కథ వట్టిపోయినట్లు తోచును; నోము చెడునది సాధారణముగా ఇక్కడనే. అప్పుడు వెనుక పుటలు చదువరాదు, దిద్దరాదు. లోపము తోచినచో అంచున ఒక గీత గీసి ముందునకు పోవలెను. వడ్ల కోతల కాలమగుటచే ఇంటిపని పిలుచును. చేనిగట్టుపై కూర్చుండి వ్రాసిన రెండు పుటలును లెక్కకు వచ్చును. మూడవ వారమున పాత్రలు రచయిత ఊహింపని మాట ఒకటి పలుకును. దానికై పటము మార్చవలసివచ్చినను మార్చవలెను. నాలుగవ వారము ముగింపుకే.

పాత్రల మాట ఎట్లుండవలె నన్నది మరియొక చిక్కు. మాయానవల యనగానే పాత్రలన్నియు రంగస్థలపు రాజులవలె మాటాడనారంభించును. ఉద్దానపు ముసలిది 'ఏటి బావూ' అని పలుకరించిన పలుకులో నున్న చనువు, ఎంతటి మాంత్రికుని మాటకును రాదు. సవరభాషకై జీవితము ధారపోసిన గిడుగు రామమూర్తి ఈ మండలమువాడే. మనుష్యుడు నిజముగా మాటాడు మాటకు గౌరవముండవలెనని ఆయన పోరాడెను. యక్షుడైనను, బేతాళుడైనను ఈ నేలపై అడుగుపెట్టినపుడు ఈ నేల మాటయే ఆడవలెను.

ముప్పదవ దినమున పూర్తియగునది నవల కాదు, తొలిప్రతి. నోమునకు ఉద్యాపన యున్నట్లు దీనికి దిద్దుబాటు కలదు. ఉద్యాపన లేని నోము ఫలింపదని పెద్దలు చెప్పుదురు. ప్రతిని నెల రెండు నెలలు పెట్టెలో నుంచి, ధనుర్మాసము, సంక్రాంతి గడచిన పిమ్మట తీసి, ఇతరుడు వ్రాసినట్లు చదువవలెను. ఒకమారు కథలు తెలిసిన ఇంటి పెద్దకు బిగ్గరగా చదివి వినిపించవలెను. ఆమెకు నిద్ర వచ్చినచోట కత్తిరింపవలెను.

ఈ రోజులలో వచ్చిన మరియొక ప్రలోభము గూర్చి కూడ చెప్పవలసియున్నది. యంత్రమునకు నాలుగు మాటలు చెప్పినచో అది 50,000 మాటలు క్షణములలో పోసివేయును. ఆ నవంబరు సంస్థయే 2024లో ఇట్టి యంత్రముల వాడుకను పూర్తిగా ఖండింపననగా రచయితలు పలువురు దానికి దూరమైరి. నోమును మరియొకరిచేత పట్టించినవారికి దీపపు వేడి తెలియదు. ఈ నెలవలన యువకునకు దక్కునది పుటల సంఖ్య కాదు. రెండవ వారమున ఆగిపోక నిలిచిన అనుభవము. అది పరులు ఇచ్చునది కాదు.

ఊరూర కళాశాలలును, శాఖా గ్రంథాలయములును ఇందుకు చేయవలసినది స్వల్పమే. నవంబరున సాయంకాలము రెండుగంటలు ఒక గది, దీపము, బల్లలు; ఫిబ్రవరిలో ఆ ప్రతులను ఓపికగా చదివి లోపము నిజముగా చెప్పగల ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు. పదిమంది మొదలిడి నలుగురు ముగించినను, వారిలో ఒకరిది అచ్చునకు తగినను, ఆ పల్లెల పిల్లలు తమ కొండను, తమ ఉప్పుమళ్లను, తమ జీడితోటను మొదటిసారిగా ఒక అద్భుతనవలలో చూచుకొందురు. ఎండల మల్లన్న కప్పు లేకుండగనే ఇన్ని కార్తికములు గడిపెను. కథ వ్రాయబూనిన యువకునకు ఒక గది చూపించుట ఊరి పెద్దలకు బరువు కాబోదు.